బయటి నిధులకు మొదటి ప్రపోజల్: డెల్టా ఉప్పునీళ్ళ మీద. కాస్త చూసి చెప్పండి

లంకపొలం (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారమండి. గోదావరి జిల్లాల్లోని ఒక యూనివర్సిటీలో పర్యావరణ శాస్త్రం చెబుతున్నాను. రెగ్యులర్ ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. బయటి నిధుల కోసం మొదటిసారి ప్రపోజల్ రాస్తున్నాను. మా డిపార్ట్‌మెంట్‌లో ఈమధ్య ఎవరూ ప్రాజెక్టు తేలేదు, అందుకని పక్క గదిలోకి వెళ్ళి అడిగే వీలు లేదు.

వశిష్ఠకీ వైనతేయకీ మధ్య, సఖినేటిపల్లి, మలికిపురం, రాజోలు వైపు బోరు నీళ్ళు ఉప్పదేలడం నా విషయం. పేరు ‘గోదావరి డెల్టాలో భూగర్భ జలాల నాణ్యత: సమగ్ర అధ్యయనం’ అని పెట్టాను. లక్ష్యాలు ఏడు రాశాను. నీళ్ళలోని లవణాలు, భారలోహాలు, పురుగుమందుల అవశేషాలు, సముద్రపు నీటి చొరబాటు, రొయ్యల చెరువుల ప్రభావం, ఆ నీళ్ళు తాగేవాళ్ళ బీపీ సర్వే, చివర్లో ఒక మొబైల్ యాప్. బడ్జెట్‌లో సగానికి పైగా అయాన్ క్రొమటోగ్రాఫ్ (నీళ్ళలో కరిగిన లవణాలను విడివిడిగా కొలిచే యంత్రం) ఒక్కదానికే పోతోంది.

ఏఎన్‌ఆర్‌ఎఫ్ (అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్) వాళ్ళ ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ రీసెర్చ్ గ్రాంటుకు పెడదామనుకుంటున్నాను. గడువు ఇంకా నెల ఉంది. ఎక్కడ కొట్టేయాలో చెప్పండి, మొహమాటపడొద్దు.

ఫస్ట్‌బెంచ్

ఏఎన్‌ఆర్‌ఎఫ్ అంటే సర్బ్ కాదా? పాత సీనియర్లందరూ సర్బ్ సర్బ్ అంటారు.

కాలవగట్టు

సర్బ్, అంటే పాత సైన్స్ అండ్ ఇంజనీరింగ్ రీసెర్చ్ బోర్డు, అందులో కలిసిపోయింది బాబూ. ఏఎన్‌ఆర్‌ఎఫ్ చట్టం 2023లో వచ్చింది, 2024 ఫిబ్రవరి 5 నుంచి అమల్లో ఉంది. మేడమ్ చెబుతున్న గ్రాంటులో మూడేళ్ళకి 60 లక్షల దాకా అడగొచ్చు, ఓవర్‌హెడ్ (సంస్థకిచ్చే నిర్వహణ ఖర్చు) వేరు. మామూలుగా వయసు 42 దాటకూడదు. మిగతా నిబంధనలు ఆ ఏడాది ప్రకటనలో చూసుకోవాలి. పోయినేడు పెట్టినవాళ్ళు చెప్పిన మాట మీద ఆధారపడొద్దు.

ఇక మేడమ్ గారి ప్రపోజల్. నేను రిటైరయ్యాను, సర్వీసులో ఉండగా ఇలాంటివి చదివి మార్కులు వేసే పని చేశాను. ఏడు లక్ష్యాల్లో ఐదు తీసేయండి. యాప్ ముందు తీసేయండి. ‘సమగ్ర అధ్యయనం’ అన్న పేరు చూడగానే చదివేవాడికి ఒకటే అర్థమవుతుంది, ఈవిడకి ఏం తెలుసుకోవాలో ఇంకా తేలలేదని. నీళ్ళు తెచ్చి, కొలిచి, పట్టికలో వేసి, బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పరిమితులతో పోల్చి, మ్యాపులో రంగులు పులిమే ప్రపోజల్స్ కట్టలకొద్దీ వస్తాయి. ఆ పనికి డబ్బు ఇవ్వరని కాదు. దాన్నే తమ శాస్త్రం అనుకుంటే ఇవ్వరు.

మీ ప్రాంతంలో మాత్రమే అడగగలిగిన ప్రశ్న ఒకటుంది. ఆ బోరులో ఉప్పు ఎక్కడిది? మూడు చోట్ల నుంచి రావచ్చు. ఇప్పుడు తోడేస్తున్న కొద్దీ లోపలికి వస్తున్న సముద్రపు నీరు ఒకటి. డెల్టా ఏర్పడుతున్న కాలంలోనే బంకమట్టి పొరల్లో చిక్కుకుపోయిన పాత ఉప్పునీరు రెండోది. పైన చెరువుల్లో నిలబెట్టిన ఉప్పునీరు కిందికి దిగడం మూడోది. మూడింటికీ రుచి ఒకటే, చరిత్రలు వేరు. చెరువులో ఎండకి ఆవిరైన నీటిలో ఆక్సిజన్, హైడ్రోజన్ బరువు ఐసోటోపులు (అదే మూలకంలో బరువెక్కువ ఉన్న పరమాణువులు) ఎక్కువ పాళ్ళలో మిగులుతాయి. నేరుగా చొరబడిన సముద్రపు నీటికి ఆ ఆవిరి గుర్తు ఉండదు. ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) చూస్తే 1950ల తర్వాత నేలలోకి దిగిన నీరు కలిసిందా, అంతా అంతకుముందుదేనా అన్నది తెలుస్తుంది. ఇదంతా ఒక్క పేజీలో రాయగలిగితే మీ ప్రపోజల్ పక్కవాటి కంటే పైన ఉంటుంది.

ఇంకొకటి. ‘ఈ ప్రాంతంలో డేటా లేదు’ అని రాసి ఉంటే ఇవాళే చెరిపేయండి. కేంద్ర భూగర్భ జల మండలి బావుల్ని ఏడాదికి నాలుగుసార్లు చూస్తుంది, రాష్ట్ర శాఖకి పీజోమీటర్లు (నీటిమట్టం కొలిచే బోర్లు) ఉన్నాయి, కేంద్రం నడిపే ఇండియా-డబ్ల్యూఆర్ఐఎస్ అనే జలవనరుల వెబ్‌సైటులో చాలా మటుకు దొరుకుతుంది. చదివేవాడికి ఇది తెలుసు. ఉన్న డేటా ఏం చెబుతోంది, ఎక్కడ ఆగిపోతోంది అని రాయండి.

ఫస్ట్‌బెంచ్

అంతా బాగుంది మాస్టారూ, కానీ 60 లక్షలు అడగొచ్చని వాళ్ళే అంటుంటే పెద్ద మెషీన్ అడగడంలో తప్పేముంది? ప్రాజెక్టు అయిపోయినా మెషీన్ డిపార్ట్‌మెంట్‌కి మిగులుతుంది కదా.

కాలవగట్టు

మిగులుతుంది. దాని కాలమ్ మార్చడానికి, ఏఎంసీ (ఏటా మరమ్మతు ఒప్పందం) కట్టడానికి, గదికి ఏసీ నడపడానికి నాలుగో ఏడాది నుంచి డబ్బు ఎవరిస్తారు? మన దగ్గర ల్యాబుల్లో దుప్పటి కప్పుకుని పడుకున్న మెషీన్లు ఎన్ని చూశాం.

పిప్పెట్

మాస్టారితో సగమే ఏకీభవిస్తాను. పరికరాలేవీ వద్దు, అన్నీ బయట చేయించుకుందాం అనుకుంటే కూడా దెబ్బతింటారు. క్షారత, పీహెచ్ లాంటివి శాంపిల్ తీసిన చోటే, లేకపోతే ఆ రోజే చూడాలి. డబ్బాలో పోసి ఎక్కడికో పంపితే వచ్చే అంకె ఆ బోరుది కాదు, ఆ డబ్బాది.

నేనైతే ఇలా రాస్తాను. మంచి ఫీల్డ్ మీటరు ఒకటి, వాహకత (నీళ్ళలో లవణాలు ఎంతున్నాయో సూచించేది), పీహెచ్, ఉష్ణోగ్రత, కరిగిన ఆక్సిజన్ చూసేది. బోరులో వదిలేసి గంటగంటకీ రికార్డు చేసే డేటా లాగర్లు కొన్ని. క్లోరైడుకి సిల్వర్ నైట్రేట్ టైట్రేషన్, సోడియం, పొటాషియంకి ఫ్లేమ్ ఫొటోమీటర్. ఇవి మన డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో కూడా ఉంటాయి. ఐసోటోపులకీ బ్రోమైడుకీ బయటికి పంపించండి. పరిశోధన పరికరాల జాతీయ పోర్టల్ ఐ-స్టెమ్‌లో ఏ పరికరం ఎక్కడుందో చూసి బుక్ చేసుకోవచ్చు. ఐఐటీ మద్రాసులో సైఫ్ (బయటివాళ్ళకీ పరీక్షలు చేసిపెట్టే పరికరాల కేంద్రం) ఉంది. అంత దూరం పోకముందు కాకినాడలో జాతీయ జలశాస్త్ర సంస్థ వాళ్ళ డెల్టా ప్రాంతీయ కేంద్రం ఉంది, అది గుర్తుందా? వాళ్ళు పని చేసేదే డెల్టా నీళ్ళ మీద. వెళ్ళి కలవండి. పథకం నిబంధనలు అనుమతిస్తే, కో-పీఐగా (సహ పరిశోధకులుగా) ఎవరైనా ఒప్పుకుంటే మీ ప్రపోజల్‌లో ఉన్న పెద్ద చిల్లు పూడుతుంది.

ఐసోటోప్ శాంపిల్ గురించి ఒక్కమాట, ఎందుకంటే ఇది ‘పద్ధతులు’ విభాగంలో రాసినవాళ్ళకీ రాయనివాళ్ళకీ తేడా కనబడుతుంది. బోరు మోటారు వేయగానే వచ్చే నీళ్ళు పట్టకూడదు. వాహకత అంకె కదలకుండా నిలబడేదాకా వదిలేయాలి. సీసాని అదే నీళ్ళతో కడిగి, అంచుదాకా నింపి, బకెట్ నీళ్ళలో ముంచి ఉంచే మూత బిగించాలి. తర్వాత తలకిందులు చేసి చూడాలి. ఆవగింజంత బుడగ కనబడినా పారబోసి మళ్ళీ పట్టాలి. లోపల గాలి ఉంటే అందులోకి నీరు ఆవిరై అంకె మారిపోతుంది.

బిల్లుల బాబాయి

అమ్మా, సైన్సు సంగతి పెద్దలు చెప్పారు. నేను యూనివర్సిటీ అకౌంట్స్ సెక్షన్‌లో జీవితం గడిపినవాణ్ణి, కాగితాల సంగతి చెబుతాను. ఆయ్, ప్రాజెక్టులు ఎక్కువగా ఆగేది ఇక్కడే.

ఒకటి, సంస్థ అధిపతి ఎండార్స్‌మెంట్ లేఖ. వాళ్ళిచ్చిన నమూనాలోనే, లెటర్‌హెడ్ మీద, సంతకం, సీలు, తేదీతో ఉండాలి. మన దగ్గర ఫైలు డిపార్ట్‌మెంట్ నుంచి ప్రిన్సిపాలు, డీను, రిజిస్ట్రారు దాకా నడవాలి. మధ్యలో ఒకాయన సెలవులో ఉంటే అక్కడే కూర్చుంటుంది. ప్రపోజల్ పూర్తయ్యాక లేఖ అడుగుదామనుకోకండి. పేరు, బడ్జెట్ మొత్తం ఖాయం కాగానే ఫైలు కదపండి.

రెండు, కొటేషన్లు. రేటు పక్కన ‘పన్నులు అదనం’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. పరిశోధన పరికరాలకి ఒకప్పుడు 5 శాతం రాయితీ జీఎస్టీ ఉండేది, 2022 జూలైలో తీసేశారు. ఇప్పుడు మామూలు రేటే, ఎక్కువ వాటికి 18 శాతం. అది కలపకుండా బడ్జెట్ వేస్తే మంజూరయ్యాక పరికరం కొనలేరు. ఇంకో జీఎస్టీ గొడవ మాత్రం తీరింది. గ్రాంటు డబ్బు మీదే జీఎస్టీ కట్టమని నోటీసులు వచ్చాయి కదా, 2024 సెప్టెంబరు కౌన్సిల్ సమావేశంలో చట్టం ద్వారా ఏర్పడ్డ యూనివర్సిటీలకి మినహాయింపు ఇవ్వాలని నిర్ణయించారు.

మూడు, డబ్బు వచ్చే దారి. మునుపు డీడీలాగా మొత్తం మన ఖాతాలో పడేది. ఇప్పుడు చాలా పథకాల్లో జీరో బ్యాలెన్స్ ఖాతా. పీఎఫ్‌ఎంఎస్ (కేంద్రం నిధుల చెల్లింపుల పోర్టల్)లో మన సంస్థ నమోదై ఉండాలి, ఖర్చు పెట్టుకోవడానికి ఒక పరిమితి కనబడుతుంది, బిల్లు పెట్టినప్పుడే డబ్బు కదులుతుంది. మార్చి 31 నాటికి వాడుకోని పరిమితి మురిగిపోయే ఏర్పాటు కూడా ఉంది. కాబట్టి ఫిబ్రవరిలో నిద్రలేచి టెండర్లు పిలవకండి.

నాలుగు, యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే డబ్బు దేనికి వాడామో చెప్పే ధ్రువపత్రం. జీఎఫ్‌ఆర్ 12-ఏ అంటారు. ఏటా ఇవ్వాలి, అది వెళ్ళకపోతే తర్వాతి విడత రాదు. పరికరాల పద్దు వేరు, జీతాలు, కెమికల్స్, ప్రయాణాల పద్దు వేరు. ఒకదాంట్లో మిగిలింది కదా అని అనుమతి లేకుండా ఇంకోదాంట్లో వాడితే ఆడిట్‌లో మీ పేరే రాస్తారు, నా పేరు కాదు. వడ్డీ పడితే అది మనది కాదు, భారత్‌కోశ్ (కేంద్ర ప్రభుత్వానికి డబ్బు కట్టే పోర్టల్) ద్వారా తిరిగి కట్టేయాలి.

తాటాకు

బాబాయి గారూ, ఒక సందేహం. నరసాపురం రేవులో పంటు (నది దాటించే పడవ) ఎక్కి సఖినేటిపల్లి వెళ్తాం, అక్కడి నుంచి ఆటో. ఆటోవాడు రసీదు ఇవ్వడు. ఈ ఖర్చు ఎలా చూపించాలి?

బిల్లుల బాబాయి

పంటు టికెట్ ఇస్తాడు, పారేయకుండా కాగితానికి అంటించండి. ఆటోకి స్వయంగా సంతకం చేసిన వోచర్, తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, పని ఏమిటి, పీఐ (ప్రధాన పరిశోధకులు) ధ్రువీకరణ. అయితే ఎంత దాకా అలా ఒప్పుకుంటారో మీ ఫైనాన్స్ ఆఫీసర్‌ని అడిగి మొదటే కాగితం మీద తీసుకోండి. రోజంతా తిరిగే పనికి కారు మాట్లాడుకోవడమే మేలు, ఒకే బిల్లు వస్తుంది.

వనామీ రైతు

నేను ప్రొఫెసర్ని కాదండి, మలికిపురం వైపు చెరువులు ఉన్నవాణ్ణి. మా తమ్ముడు లింకు పంపితే చదివాను.

ఇదివరకు ఒక బృందం వచ్చింది, ఏ యూనివర్సిటీనో పేరెందుకు. మా చెరువులో నీళ్ళు, గట్టు పక్క బోరులో నీళ్ళు, మట్టి పట్టుకెళ్ళారు. టీలు ఇచ్చాం, పక్క రైతుల దగ్గరికి మా అబ్బాయిని తోడిచ్చి పంపాం. రిపోర్టు పంపుతామన్నారు. ఫోన్ చేస్తే ‘పబ్లికేషన్ అయ్యాక’ అన్నారు. ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు. మా నీళ్ళలో ఏముందో ఏదో పత్రికలో ఇంగ్లీషులో ఉండి ఉంటుంది. మాకు తెలీదు.

పైన మాస్టారు ఉప్పు ఎక్కడిదో తేల్చాలి అన్నారు. తేల్చండి. కానీ మీ దగ్గర ముందే జవాబు ఉంటే, అంటే చెరువులదే తప్పు అని రాసుకుని వచ్చేట్టయితే, మా ఊళ్ళో ఎవరూ గట్టు ఎక్కనివ్వరు. మా తాత కాలంలోనే ఆ వైపు నుయ్యి తవ్వితే కొన్ని చోట్ల ఉప్పునీళ్ళు పడేవి. చెరువులు వచ్చింది తర్వాత. అలాగని చెరువుల వల్ల ఏమీ లేదని నేను అనడం లేదు. వరి పొలం ఉన్న రోజుల్లో కాలవ నీళ్ళు నిలబడి కిందికి దిగేవి. ఇప్పుడు అక్కడ ఆ మంచినీళ్ళు లేవు.

కాలవగట్టు

అయ్యా, మీరు చివర్లో అన్న మాట మేడమ్ ప్రపోజల్‌లో ఒక పరికల్పన. నిజంగా అంటున్నాను. ఉప్పునీరు కిందికి దిగడం ఒకటైతే, వరి పోవడం వల్ల మంచినీరు దిగకపోవడం ఇంకొకటి. నాలుగో కారణం అన్నమాట. నేను పైన రాయలేదు, ఆయన రాశాడు.

లంకపొలం

రైతు గారూ, మీ మాట పట్టుకున్నాను. రాత్రి కూర్చుని మార్చిన రూపం ఇది:

పేరు: ‘వశిష్ఠ, వైనతేయ పాయల మధ్య లోతు తక్కువ బోర్లలో లవణీయతకు మూలం: సముద్ర చొరబాటు, పాత ఉప్పునీరు, ఆక్వా చెరువులు, వరి సాగు తగ్గడం’.

లక్ష్యాలు రెండే. ఒకటి, చెరువులు ఉన్న ఊళ్ళలోనూ వరి మిగిలిన ఊళ్ళలోనూ ఒకే లోతు బోర్లు ఎంచుకుని ఉప్పు ఎక్కడిదో ఐసోటోపులు, క్లోరైడు-బ్రోమైడు నిష్పత్తితో విడదీయడం. రెండు, కాలవలు పారే నెలల్లో, కట్టేసిన నెలల్లో వచ్చే తేడా లాగర్లతో పట్టుకోవడం.

అయాన్ క్రొమటోగ్రాఫ్ తీసేశాను. బడ్జెట్ సగానికి దిగింది. ఇంత తక్కువ అడిగితే ‘ఈవిడ సీరియస్‌గా లేదు’ అనుకుంటారేమో అని ఒక టెన్షన్.

పిప్పెట్

అనుకోరు. ప్రతి పద్దు కిందా ఎందుకో ఒక వాక్యం ఉంటే చాలు. 60 అడిగి సమర్థించలేకపోతేనే అనుకుంటారు.

తొలకరి

నేను రీసెర్చ్ స్కాలర్ని. బడ్జెట్ తగ్గించేటప్పుడు అందరూ ముందు మనుషుల మీద పడతారు, దయచేసి అది చేయకండి మేడమ్. నెట్ లేదా గేట్ ఉన్న జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో)కి 2023 జనవరి నుంచి నెలకి 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలో) అయితే 42,000. రెండేళ్ళు అదీ, మూడో ఏడు ఇదీ వేస్తే హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) కాక 13 లక్షల 92 వేలు. అది పూర్తిగా రాయండి.

ఇంకో సంగతి. విడత ఆలస్యమైతే స్కాలర్‌కి నెలల తరబడి జీతం రాదు. మంజూరు లేఖ వచ్చాక యూనివర్సిటీ కార్పస్ (సొంత నిధి) నుంచి ముందుగా ఇచ్చి, విడత రాగానే సర్దుకునే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. మీ దగ్గర ఉందో లేదో అపాయింట్‌మెంట్ ఇచ్చే ముందే కనుక్కోండి. నా స్నేహితురాలు అద్దె కట్టలేక రాజమండ్రిలో గది ఖాళీ చేసి అమలాపురం నుంచి రోజూ బస్సులో తిరిగింది.

ఫస్ట్‌బెంచ్

బీపీ సర్వే కూడా తీసేశారా? అదొక్కటే పేపర్లలో పడే విషయం.

పిప్పెట్

తీసేయడమే మంచిది. ఉప్పునీళ్ళు తాగడానికీ బీపీకీ సంబంధం మీద బంగ్లాదేశ్ తీరంలో పని జరిగింది, ప్రశ్న బలమైనదే. కానీ మనుషుల మీద చేసేదేదైనా నైతిక కమిటీ అనుమతితోనే. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చదవండి. మెడికల్ కాలేజీ వాళ్ళెవరైనా ముందుండి నడపాల్సిన పని అది. తర్వాత వేరే ప్రాజెక్టుగా పెట్టుకోవచ్చు.

లెక్కచూరు

ఆర్థిక శాస్త్రం నుంచి. వరి తీసి చెరువు వేసిన రైతుల లెక్కలు, కౌలు రేట్ల మీద నాకు పని ఉంది. దీన్ని మీ సైన్సు ప్రపోజల్‌లో ఇరికించమని అడగను. ఐసీఎస్‌ఎస్‌ఆర్ (సామాజిక శాస్త్రాల పరిశోధన మండలి)కి విడిగా పెడతాను, హైదరాబాద్‌లో దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఊళ్ళు మాత్రం ఒకటే ఎంచుకుందాం.

లంకపొలం

తప్పకుండానండి. ఊళ్ళ జాబితా పంపుతాను.

కాలవగట్టు మాస్టారూ, మూడేళ్ళ షెడ్యూలు వేశాను. మొదటి ఆరు నెలలు పరికరాలు కొనడం, మనిషిని తీసుకోవడం. ఏడో నెల నుంచి శాంపిళ్ళు.

కాలవగట్టు

ఏడో నెల అంటే ఏ నెల? మంజూరు ఎప్పుడొస్తుందో మీ చేతిలో లేదు. దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక కాలవలు కట్టేస్తారు, జూన్‌లో ధవళేశ్వరం నుంచి మళ్ళీ వదులుతారు. మీ రెండో లక్ష్యం మొత్తం ఆ కొన్ని వారాల మీద నిలబడి ఉంది. డబ్బు మే నెలాఖరుకి వస్తే ఒక వేసవి పోయినట్టే, మూడేళ్ళలో రెండే మిగులుతాయి. షెడ్యూల్‌ని నెలల అంకెలతో కాకుండా సార్వా (ఖరీఫ్ వరి), వరద, దాళ్వా, కాలవలు కట్టే కాలం అని వేయండి. కనీసం రెండు వేసవులు చేతికొస్తాయని చూపించండి.

వనామీ రైతు

వేసవి శాంపిలుకి ఆగక్కర్లేదు మేడమ్. మా బోరుకి మీరు లాగరు ఇప్పుడే ఇస్తే ఇప్పుడే వేసుకుంటాం. ఒక్కటే అడుగుతున్నా, అంకెలు మాకూ చెప్పాలి.

లంకపొలం

‘పద్ధతులు’ విభాగంలో ఈ పేరా చేర్చాను: ‘ప్రతి విడత విశ్లేషణ పూర్తయిన నెలలోపు ఆయా బోరు యజమానికి ఫలితం తెలుగులో ఒక పేజీ కార్డుగా అందజేస్తాం. ఊరి పేరు, బోరు వివరాలు యజమాని అనుమతి లేకుండా ప్రచురణల్లో రావు.’ కార్డుల ముద్రణకి, ఊళ్ళో సమావేశాలకి బడ్జెట్‌లో చిన్న పద్దు పెట్టాను. బాబాయి గారూ, దీన్ని ఏ పద్దు కింద చూపించాలి?

బిల్లుల బాబాయి

ఇతర ఖర్చుల కింద, కంటింజెన్సీలో పెట్టి, పక్కన ‘ఫలితాల కార్డులు, గ్రామ సమావేశాలు’ అని విడిగా వివరం రాయండి. వివరం రాయకపోతే ఆడిట్ వాళ్ళు టీలు, టిఫిన్లు అనుకుంటారు. ఓవర్‌హెడ్ యూనివర్సిటీకి వెళ్తుంది, దాంట్లోంచి ఇస్తారని లెక్క వేసుకోకండి.

రిజిస్ట్రార్ ఆఫీసుకి ఫైలు వెళ్ళిందా?

లంకపొలం

నిన్ననే డీన్ గారి దగ్గర సంతకం అయిందండి. రేపు కాకినాడ వెళ్తున్నాను, జలశాస్త్ర కేంద్రంలో ఒకరు కలవడానికి టైమిచ్చారు. వచ్చాక కో-పీఐ విషయం ఇక్కడే రాస్తాను.

బిల్లుల బాబాయి

కో-పీఐ వేరే సంస్థ వారైతే వాళ్ళ ఆఫీసు నుంచి కూడా విడిగా ఎండార్స్‌మెంట్ కావాలి. రేపు వెళ్ళేటప్పుడే ఆ నమూనా ప్రింటు తీసుకెళ్ళండి.